పిల్లల పంచాయితీకి పెద్దల కట్టుబాట్లు

పిల్లల తగువులు పిల్లలే తీర్చుకోవడం బడి పుట్టిననాటి నుంచీ ఉన్నదే. ఇద్దరు జుట్టూ జుట్టూ పట్టుకుంటే మూడోవాడు మధ్యలో దూరి "పోనీలేరా, వదిలెయ్యండి" అంటాడు. అమెరికా బడుల్లో గత యాభై ఏళ్ళలో దాన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళారు. ఆ మూడోవాడికి శిక్షణ ఇచ్చారు. ఒక గది, ఒక బల్ల, రాసుకోవడానికి ఒక ఫారం ఇచ్చారు. నువ్వు చెయ్యకూడనివి ఇవీ అని నియమాలు రాసి చేతిలో పెట్టారు. దాన్నే పియర్ మీడియేషన్ అంటారు. న్యూజెర్సీలో ఒక మిడిల్ స్కూల్లో కౌన్సెలర్‌గా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో నేను చేయిస్తున్న పని అదే. ఆ నియమాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తవ్వుకుంటూ పోయినకొద్దీ నాకొకటి తేటపడింది. పిల్లల పేరుతో రాసినా, వాటిలో సగానికి పైగా పెద్దల చేతులు కట్టెయ్యడానికి పుట్టినవే.

ఈ కథకు మొదలు న్యూయార్క్ నగరంలో ఉంది. యుద్ధం కూడదని నమ్మే క్రైస్తవ శాఖ క్వేకర్లది. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజుల్లో వాళ్ళు హింస లేకుండా గొడవలను చల్లార్చే పద్ధతులను పెద్దలకు నేర్పేవారు. ఇవి చిన్నప్పుడే అలవాటు కావాలని 1972లో బడుల్లోకి వెళ్ళారు. 'చిల్డ్రన్స్ క్రియేటివ్ రెస్పాన్స్ టు కాన్‌ఫ్లిక్ట్' అనే ఆ కార్యక్రమంలో మధ్యవర్తులంటూ ఎవరూ లేరు. కలిసి పనిచెయ్యడం, చెవిపెట్టి వినడం, ఎదుటివాణ్ణి మెచ్చుకోవడం, తగువు తీర్చుకోవడం తరగతి మొత్తానికీ నేర్పారు. ప్రిసిల్లా ప్రట్జ్‌మన్, ఆమె తోటివాళ్ళు ఆ ఆటలనూ అభ్యాసాలనూ 1978లో పుస్తకంగా వేశారు.

రెండో పాయ కోర్టుల వైపు నుంచి వచ్చింది. 1976లో మినెసోటాలోని సెయింట్ పాల్‌లో న్యాయమూర్తులు, న్యాయవాదులు కూడిన సభలో హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రాంక్ శాండర్ మాట్లాడుతూ, ప్రతి తగాదానూ కోర్టు గుమ్మమే ఎక్కించనక్కర్లేదని, తగాదా స్వభావాన్ని బట్టి దారి ఉండాలని వాదించాడు. ఆ తర్వాత జిమ్మీ కార్టర్ ప్రభుత్వంలో న్యాయశాఖ అట్లాంటా, కాన్సస్ సిటీ, లాస్ ఏంజెలెస్‌లలో ప్రయోగాత్మకంగా మూడు ఇరుగుపొరుగు న్యాయకేంద్రాలను తెరిచింది. అంతకు ముందే, 1976లో, శాన్ ఫ్రాన్సిస్కోలో రేమండ్ షోన్‌హోల్ట్జ్ అనే లాయరు 'కమ్యూనిటీ బోర్డ్స్' మొదలుపెట్టాడు. పేటలో తగువులను కోర్టు ప్రమేయం లేకుండా ఆ పేటవాళ్ళే, శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలే, కూర్చోబెట్టి మాట్లాడించేవారు. 1980ల ఆరంభంలో ఈ సంస్థ బడులకు వెళ్ళింది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు 'కాన్‌ఫ్లిక్ట్ మేనేజర్లు' అని పేరు పెట్టింది. టీ షర్టులు తొడుక్కుని, ఇద్దరిద్దరుగా ఆటస్థలంలో తిరుగుతూ, ఎక్కడన్నా గొడవ కనిపిస్తే దగ్గరికెళ్ళి "సాయం కావాలా?" అని అడగడం వాళ్ళ పని. ఇద్దరూ సరేనంటేనే ముందుకు పోవాలి, వద్దంటే వెనక్కి తిరగాలి. మేము ఇవాళ పాటించే నియమాల్లో అన్నిటికన్నా పాతది ఇదే.

మూడో పాయ విశ్వవిద్యాలయాలది. మినెసోటాలో డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ సోదరులు మధ్యవర్తిత్వాన్ని ఎంపిక చేసిన కొందరికే కాక, తరగతిలో ప్రతి పిల్లవాడికీ నేర్పి, వంతులవారీగా చేయించాలన్నారు. 1981లో రోజర్ ఫిషర్, విలియం యూరీ రాసిన 'గెటింగ్ టు యెస్' వచ్చింది. మనిషి నోటితో అడిగేది వేరు, లోపల కావలసింది వేరు, రెండోదాన్ని పట్టుకోవాలన్న ఆ పుస్తకం ఆలోచన శిక్షణ పాఠాలన్నిటిలోకీ పాకింది. 1985లో లిండా లాంటియెరి, టామ్ రోడరిక్ చేతుల మీదుగా న్యూయార్క్ నగర బడుల్లో పెద్ద ఎత్తున కార్యక్రమం మొదలైంది. దేశమంతటా ఇక్కడొకరు అక్కడొకరుగా ఈ పని చేస్తున్నవాళ్ళు 1984లోనే విద్యారంగ మధ్యవర్తిత్వానికి 'నేమ్' అనే జాతీయ సంఘం పెట్టుకున్నారు.

శిక్షణ ఎలా ఉంటుందో చెబితే తప్ప నియమాల అవసరం అర్థం కాదు. మొదటిరోజు ఉదయం పిల్లలందరూ జడ్జీలే. నేను గుంటూరు జిల్లా పల్లెలో పెరిగాను. మా తాతగారి అరుగు మీద పంచాయితీ జరిగేటప్పుడు ఇరువైపులా చెప్పింది విని, ఆయన గొంతు సవరించుకుని తీర్పు చెప్పేవారు. ఊరు ఒప్పుకునేది. ఆ ఒప్పుకోలు ఆయన వయసుకు, కుటుంబానికి, మాటకున్న విలువకు. పన్నెండేళ్ళ పిల్లకు ఇవేవీ ఉండవు. అయినా నటనలో కూర్చోబెట్టగానే తాతగారిలాగే తీర్పిచ్చేస్తుంది. పుట్టినరోజుకు ముందు గ్రూప్ చాట్ నుంచి స్నేహితురాలిని తీసేసిన అమ్మాయి కేసు ఇస్తాను. మధ్యవర్తి వేషం వేసిన పిల్ల మొదటి నిమిషంలోనే "నువ్వెందుకలా చేశావు?" అంటుంది. అక్కడ ఆపుతాను. "ఎందుకు" అనగానే ఎదుటి పిల్ల బోనులో నిలబడుతుంది, సాకు వెతుక్కుంటుంది. దాని బదులు "అప్పుడు ఏం జరిగింది?", "అది చూసినప్పుడు నీకేమనిపించింది?", "ఇప్పుడు ఏం జరిగితే నీకు బాగుంటుంది?" అని అడిగిస్తాను. రెండో తప్పటడుగు సారీ. "సారీ చెప్పెయ్, అయిపోతుంది" అనడం పిల్లలకు మనం నేర్పిన జబ్బు. మధ్యవర్తి సారీ అడగకూడదు. అది ఎవరి నోటినుంచి రావాలో వాళ్ళకే తోచాలి, తోచకపోయినా ఒప్పందం కుదరవచ్చు.

అమెరికా న్యాయశాఖ, విద్యాశాఖ కలిసి 1996లో ప్రచురించిన మార్గదర్శి ఈ పనిని ఆరు మెట్లుగా చెప్పింది. మాట్లాడుకోవడానికి ఇద్దరూ ఒప్పుకోవాలి. ఎవరి కోణం వాళ్ళు చెప్పాలి. అసలు కావలసిందేమిటో తేల్చాలి. ఇద్దరికీ పనికొచ్చే దారులు వీలైనన్ని చెప్పుకోవాలి. వాటిని తూచాలి. చివరికి ఒప్పందం రాసుకోవాలి. డోనా క్రాఫర్డ్, రిచర్డ్ బోడీన్ రాసిన ఆ పుస్తకం చాలాకాలం మా వృత్తిలో అందరి చేతుల్లోనూ ఉండేది. ఆరు మెట్లలో తీర్పు అన్న మెట్టు ఎక్కడా లేదు.

పద్ధతి అందరికీ తెలిశాక నీతి ప్రశ్నలు వచ్చాయి. పెద్దల మధ్యవర్తులకు 1994లో అమెరికన్ ఆర్బిట్రేషన్ అసోసియేషన్, అమెరికన్ బార్ అసోసియేషన్, ఈ వృత్తివాళ్ళ సంఘం 'స్పైడర్' కలిసి ఆదర్శ ప్రవర్తన నియమావళి తయారుచేశాయి. 2005లో దాన్ని సవరించారు. నిర్ణయం కక్షిదారులదే కావడం, పక్షపాతం లేకపోవడం, స్వప్రయోజనాలు అడ్డురాకపోవడం, సామర్థ్యం, గోప్యత, ప్రక్రియ నాణ్యత, ప్రచారం, ఫీజులు, వృత్తి అభివృద్ధి అని తొమ్మిది అంశాలు అందులో ఉన్నాయి. బడికి ఫీజుల అంశం, ప్రచారం అంశం అక్కర్లేదు. మిగతావన్నీ కావాలి, కానీ ఉన్నవున్నట్టు సరిపోవు. 'నేమ్' 1995లో మరో జాతీయ సంస్థలో కలిసింది, 2001లో ఆ సంస్థ, ఈ రంగంలోని మరికొన్ని సంఘాలు చేరి 'అసోసియేషన్ ఫర్ కాన్‌ఫ్లిక్ట్ రిజల్యూషన్' అయ్యాయి. ఆ సంఘం విద్యా విభాగం 2007లో బడుల పియర్ మీడియేషన్‌కు ప్రత్యేకంగా సిఫారసు ప్రమాణాలు వెలువరించింది. బాధ్యత తీసుకునే పెద్ద ఉండాలి, శిక్షణ ఒక్కసారితో ఆగిపోకూడదు, ఏ తగువులు తీసుకోవాలో ఏవి కూడదో ముందే తేల్చుకోవాలి అన్న ఆలోచనలు అప్పటికే అనుభవంలో నిగ్గుతేలి ఉన్నాయి.

వీటన్నిటిలో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసేది గోప్యత. మా పిల్లలు బల్ల దగ్గర కూర్చోగానే మొదట చెప్పేది ఇది: "ఇక్కడ మాట్లాడింది మేము బయట చెప్పం. నాలుగు విషయాలు తప్ప. ఆయుధాలు, డ్రగ్స్, ఎవరైనా నిన్ను హింసిస్తుండటం, నిన్ను నువ్వు గానీ ఇంకొకరిని గానీ గాయపరచాలనుకోవడం. ఇవి వస్తే కౌన్సెలర్‌కు చెప్పాల్సిందే." ఈ నాలుగు మినహాయింపుల వెనుక చట్టాలున్నాయి. పిల్లల మీద హింసను అరికట్టేందుకు రాష్ట్రాలన్నీ ఫిర్యాదు చెయ్యడం విధిగా చేశాయి. న్యూజెర్సీలో అనుమానం కలిగిన ఏ వ్యక్తైనా చెప్పితీరాలి. కాబట్టి మినహాయింపులు చివర్లో కాదు, మొదటి మాటలోనే రావాలి. గుట్టు విప్పిన తర్వాత "ఇది నేను చెప్పాల్సి ఉంటుంది" అనడం ఆ పిల్లను వలలో వెయ్యడమే.

రెండో సంగతి చాలామందికి తెలియదు. మధ్యవర్తిత్వంలో అన్న మాటలను కోర్టులో సాక్ష్యంగా లాగకుండా కాపాడటానికి 2001లో 'యూనిఫాం మీడియేషన్ యాక్ట్' ముసాయిదా వచ్చింది. న్యూజెర్సీ దాన్ని 2004లో చట్టం చేసుకుంది. ఆ చట్టం కొన్నిటికి వర్తించదు. పాఠశాల ఆధ్వర్యంలో జరిగి, కక్షిదారులంతా విద్యార్థులే అయిన మధ్యవర్తిత్వం వాటిలో ఒకటి. బడి పిల్లల మీద పర్యవేక్షణ బాధ్యత మోస్తుంది, పూర్తి గోప్యత దానికి అడ్డొస్తుందని వాళ్ళ ఆలోచన. అందులో న్యాయం ఉంది. కానీ దాని ఫలితం చూడండి. కోట్లాది డాలర్ల వ్యాపార తగాదా తీర్చే మధ్యవర్తి మాటకు చట్టం గొడుగు పడుతుంది. ఏడో తరగతి పిల్ల ఇచ్చిన మాటకు ఆ గొడుగు లేదు. ఆమె మాట నిలబడాలంటే బడిలోని పెద్దలు నిలబెట్టాలి.

అది ఎంత కష్టమో నేను చూశాను. ఒక ఏడు కాఫెటీరియాలో తోపులాట జరిగింది. ఆ ఇద్దరు అబ్బాయిలూ వారం ముందే మా బల్ల దగ్గర కూర్చుని ఒప్పందం రాసుకున్నవాళ్ళు. ఒక పాలనాధికారి మధ్యవర్తుల నోట్సు ఇమ్మని నన్ను అడిగారు. మా పద్ధతిలో నోట్సు ఆ పూటే చింపేస్తారు, మిగిలేది ఒప్పందం కాగితం ఒక్కటే. ఆ మాటే చెప్పాను. ఆయన ఊరుకోలేదు. మధ్యవర్తిగా ఉన్న ఎనిమిదో తరగతి అమ్మాయిని నేరుగా గదికి పిలిచి, ముందు ఎవరు ఎవర్ని బెదిరించారని అడిగారు. ఆ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "వాళ్ళకు నేను మొదట్లోనే మాటిచ్చాను సార్. ఆ నాలుగు విషయాల్లో ఏదైనా వచ్చి ఉంటే ఆ రోజే మిస్‌కి చెప్పేదాన్ని" అంది. ఎదురు చెప్పడం ఎరగని పిల్ల. బయటికి వచ్చాక ఏడ్చింది. ఆ వేసవిలో కూర్చుని బడి చేత ఒక మాట రాయించాం: మధ్యవర్తిని సాక్షిగా పిలవకూడదు, క్రమశిక్షణ విచారణకు కావలసిన వివరాలు వేరే దారిన రాబట్టుకోవాలి. ఈ నియమం ఆ పిల్లకు ఏమీ కొత్తగా నేర్పదు. ఆమెకు ముందే తెలుసు. అది పెద్దలకోసం.

తల్లిదండ్రులూ అడుగుతారు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ప్రాంతం కనక సాయంత్రం ఫోన్లు తెలుగులోనే వస్తాయి. "మేడమ్ గారూ, మీరు మనవాళ్ళు కదా, మావాణ్ణి ఆ పిల్లాడు ఏమన్నాడో కాస్త చెప్పండి" అంటారు. "మీ అబ్బాయినే అడగండి బాబూ, వాడికి జరిగింది వాడు చెప్పుకోవచ్చు. ఎదుటి పిల్లాడి మాట చెప్పే హక్కు నాకు లేదు" అంటాను. కొందరు నొచ్చుకుంటారు. కొందరు తర్వాత ఎప్పుడో గుడిలో కనిపించి, ఆ రాత్రి కొడుకు తనతో చాలాసేపు మాట్లాడాడని చెబుతారు.

పక్షపాతం లేకపోవడం గురించి పిల్లలే నాకు నేర్పారు. తొలినాళ్ళలో చాలా బడులు మంచి మార్కుల పిల్లలను, టీచర్లకు ఇష్టమైన పిల్లలను ఏరుకుని మధ్యవర్తులను చేశాయి. గొడవపడే పిల్లలు ఆ బల్ల దగ్గరికి రాలేదు, అది టీచర్ల బల్ల అనుకున్నారు. అందుకే ఎంపికలో బడిలోని అన్ని రకాల పిల్లలూ ఉండాలన్నది ప్రమాణమైంది. డిటెన్షన్‌లో కూర్చున్న పిల్లల్లోంచి నేను ఏరుకున్నవాళ్ళు గొప్ప మధ్యవర్తులయ్యారు. గొడవ లోపలినుంచి ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుసు. ఇక ఎవరి ప్రమేయం ఎక్కడ అడ్డొస్తుందో గుర్తుపట్టడం ఇంకో విద్య. ఒక తెలుగు పిల్లవాడు, నన్ను గుడిలో ఆంటీ అని, బడిలో మిస్ అని పిలిచేవాడు, ఒకరోజు ఫారం మీద పేర్లు చూసి వెనక్కిచ్చేశాడు. "వీళ్ళలో ఒకడు ఆదివారం తెలుగు క్లాసులో నా పక్కన కూర్చుంటాడు మిస్. నేను మంచిగానే చేస్తాను, కానీ రెండోవాడు నన్ను నమ్మడు" అన్నాడు. నిష్పాక్షికత మనసులో ఉంటే చాలదు, ఎదుటివాడి కంటికి కనబడాలని పెద్దల నియమావళి చెబుతుంది. వాడు దాన్ని చదవలేదు.

స్వచ్ఛందం అన్న నియమానికి 1990లలో పెద్ద పరీక్ష వచ్చింది. 1994 నాటి కేంద్ర చట్టం తుపాకీ తెచ్చిన విద్యార్థిని కనీసం ఏడాదిపాటు బహిష్కరించాలంది. 'జీరో టాలరెన్స్' అన్న మాట అక్కడినుంచి చిన్న చిన్న గొడవలకూ పాకింది. 1999 ఏప్రిల్ 20న కొలంబైన్ కాల్పుల తర్వాత బడుల గుమ్మాల్లో పోలీసులు, మెటల్ డిటెక్టర్లు వచ్చాయి. సస్పెన్షనా, మీడియేషనా తేల్చుకో అని పిల్లలను అడగడం చాలాచోట్ల అలవాటైంది. అలా వచ్చిన పిల్లవాడు కుర్చీలో ఉంటాడు గానీ మాటలో ఉండడు. ఏది చెబితే బయటపడతాడో అది చెప్పి సంతకం పెడతాడు. మా దగ్గర పిల్లలు ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోయినందుకు శిక్ష పెరగదు. క్రమశిక్షణ ఫైలు ఒక దారి, మా ఫారం ఇంకో దారి.

అన్నిటికన్నా ఆలస్యంగా తెలుసుకున్నది, అన్నిటికన్నా బరువైనది బుల్లీయింగ్ సంగతి. నార్వేలో 1982 చివర్లో ముగ్గురు అబ్బాయిలు ఆత్మహత్య చేసుకున్నాక, మరుసటి ఏడు దేశవ్యాప్త ఉద్యమం వచ్చింది. డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధన దానికి ఊతమైంది. బుల్లీయింగ్ తగువు కాదు, బలం ఎక్కువున్నవాడు తక్కువున్నవాడిని పదేపదే హింసించడమని ఆయన తేల్చాడు. తగువులో ఇద్దరికీ చెప్పుకోవడానికి ఏదో ఉంటుంది, ఇద్దరూ కొంత వదులుకోవచ్చు. దెబ్బలు తింటున్న పిల్లవాడు ఏం వదులుకోవాలి? వాణ్ణి కొట్టినవాడికి ఎదురుగా కూర్చోబెట్టి "ఇద్దరూ రాజీ పడండి" అంటే హింసకు బడి ముద్ర వేసినట్టే. ఆ హింసను సరిదిద్దమని తోటి పిల్ల నెత్తిన పెట్టడం మరో అన్యాయం. బుల్లీయింగ్‌కు పియర్ మీడియేషన్ పనికిరాదని అమెరికా ప్రభుత్వమే ఇప్పుడు స్పష్టంగా చెబుతోంది. న్యూజెర్సీలో 2011లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం అలాంటి ఫిర్యాదు మీద ఒక్క బడిరోజులోగా విచారణ మొదలుపెట్టాలి, పది బడిరోజుల్లో ముగించాలి. అది పెద్దల పని. మా మధ్యవర్తులకు నేను నేర్పే గొప్ప నైపుణ్యం ఫారం పక్కన పెట్టి, "మిస్, ఇది మా బల్ల మీదికి రావలసింది కాదు" అని చెప్పడం.

సామర్థ్యం అన్న నియమం కూడా ఇక్కడికే వస్తుంది. మా రాష్ట్ర కోర్టుల జాబితాలో చేరాలంటే మధ్యవర్తికి 40 గంటల శిక్షణ కావాలి. మా పిల్లలకు దొరికేది రెండు రోజులు, ఆపైన నెలనెలా అభ్యాసం. ఆ శిక్షణకు తగిన తగువులే వాళ్ళకివ్వాలి: పుకార్లు, మారుపేర్లు, అరువిచ్చిన వస్తువులు, విడిపోయిన స్నేహాలు. ఆ పరిధిలో పిల్లలు చాలా బాగా చేస్తారు. 2003లో 43 అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు, బల్ల దగ్గరికొచ్చిన తగువుల్లో అత్యధికం ఒప్పందంతో ముగిశాయని, పిల్లలు తృప్తిగా వెళ్ళారని చూపించారు. నేర్చుకున్నదానిలో పెద్ద వాటా మధ్యవర్తులదేనన్నది నా అనుభవం. అందుకే ప్రతి సెషన్ తర్వాత వాళ్ళతో కూర్చుంటాను. వాళ్ళు విన్నది ఎంత బరువైందో, ఎక్కడ ఒకవైపు మొగ్గాలనిపించిందో చెప్పుకుంటారు. ఇతరుల కష్టం విన్న పిల్లను నేరుగా లెక్కల క్లాసుకు పంపెయ్యకూడదు.

మన దేశంలో 2023లో మీడియేషన్ చట్టం వచ్చింది. సమాజ మధ్యవర్తిత్వానికి అందులో చోటుంది, మధ్యవర్తిత్వానికి తగని తగాదాల పట్టిక కూడా ఉంది. హైదరాబాద్‌లో 2021లోనే అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం తెరిచారు. ఈ గాలి బడుల్లోకీ వీస్తుంది, వీచాలి. గురుకులాల్లో, రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇరవైనాలుగు గంటలూ కలిసి బతికే పిల్లలకు ఇంతకన్నా పనికొచ్చే చదువు లేదు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచీ ర్యాగింగ్ నేరం. దాన్ని పిల్లల రాజీ కిందకి తోసేసి బడి పేరు కాపాడుకునే దారిగా ఇది మారితే మొదలుపెట్టకపోవడమే మేలు.

మొదలుపెట్టేవాళ్ళు అడిగితే నేను చెప్పేదొకటే. ముందు పిల్లలకు శిక్షణ పెట్టకండి. ముందు టీచర్లను, వార్డెన్లను కూర్చోబెట్టి ఒక కాగితం రాయించండి. మధ్యవర్తిని గూఢచారిగా వాడుకోము. వాళ్ళను సాక్ష్యం అడగము. ఎవర్నీ బలవంతంగా ఆ బల్ల దగ్గరికి తోలము. వేధింపు జరిగితే మేమే చూసుకుంటాం. ప్రతి సెషన్ తర్వాత ఆ పిల్లలతో ఒక పెద్ద కూర్చుంటారు. ఈ మాటలకు హెడ్‌మాస్టర్ మొదటి సంతకం పెట్టాక పిల్లలను పిలవండి. మిగతా విద్య వాళ్ళు రెండు రోజుల్లో నేర్చుకుంటారు.